బెత్తెడు

వుల్వర్‌హాంప్టన్ ఆసుపత్రి వెనకాల
ఆవిరి గొట్టాల కింద మా లాండ్రీ.
పొద్దున్న ఆరింటికే
రాత్రి ఎవరెవరి జ్వరాలో మోసిన దుప్పట్లు
ఉతికి, పిండి, మా ముందుకి తోసేస్తారు.
బండిలోంచి లాగి, రోలరుకిచ్చి,
బల్ల మీద మడత.
గంటకి నూట ఎనభై.
ఆ లెక్క గోడ మీద ఎర్రంకెల్లో మెరుస్తుంటుంది.
నొప్పికే ఏ గోడా లేదు.

దుప్పట్ల బండి ఒక బావి.
నిండుగా ఉన్నంతసేపూ ఫర్వాలేదు.
సగం దాటాక
అంచు మీద పొట్ట ఆనించి, తలకిందులుగా వేలాడి
తడి బరువుని తోడుకోవాలి.
ఏడేళ్ళు తోడాను.

"మోకాళ్ళు వంచండి, నడుం కాదు."
టీ గది తలుపు మీద కాగితంలో ఒక బొమ్మమనిషి
ఎంతో చక్కగా వంగి
ఎంతో తేలిగ్గా పెట్టె ఎత్తుతుంటాడు.
అది ఖాళీ పెట్టె అనేది హలీనా.
గంటకి ఎన్నెత్తాలో కూడా
వాడి కింద ఎవరూ రాయలేదు.

మా భాషలో పని మొదలెట్టడమంటే
నడుం బిగించడం.
అయ్యాక దాన్నెలా విప్పుకోవాలో
నాకెవరూ చెప్పలేదు.
బస్సులో పైఅంతస్తు మెట్లెక్కలేక
కిందే, ముసలివాళ్ళ సీట్లో కూర్చునేదాన్ని.
రాత్రి జడ వేసుకుందామని చేతులెత్తితే
కుడి బొటనవేలూ, పక్కన రెండు వేళ్ళూ
నావి కాకుండా పోయేవి.
జుట్టు కత్తిరించేశాను.
బావుందన్నారు అందరూ.

మార్చిలో ఒకావిడ వచ్చింది.
పేరు బ్రాన్‌వెన్, వేల్స్ మనిషి,
మెడలో టేపు, చెవి మీద పెన్సిలు.
మీ పద్ధతి సరిదిద్దడానికొచ్చిందన్నాడు కీత్.
మేమంతా ఒక్కసారిగా
బొమ్మమనిషిలా వంగడం మొదలెట్టాం.
ఆవిడ మమ్మల్ని చూడలేదు.
బల్లని చూసింది.
నేల మీద చతికిలబడి దాని కాళ్ళు కొలిచింది.
బండి లోతు కొలిచింది.
నా మోచేతి నుంచి నేలకి ఎంతో కొలిచింది.
"ఈ బల్ల ఎవరి కొలత?" అంది.
ఎవరికీ తెలీదు.
దాన్ని నేలకి బిగించినవాడు
ఒక్క దుప్పటీ మడతపెట్టకుండానే
ఇంటికెళ్ళిపోయుంటాడు.

జాన, బెత్తెడు, మూర, బార.
ఒకప్పుడు కొలతలన్నీ ఒంట్లోంచే పుట్టాయి.
పూలామె చెయ్యి పొట్టిదని
మూరకి ఇంకో నాలుగు మల్లెలు
కొసరు అడిగి మరీ పుచ్చుకునేది మా పిన్ని.
ఎప్పుడు తిరగబడిందో మరి,
ఇనప బల్లకి సరిపోలేదని
మనిషిని తప్పుపట్టడం.

బోల్టులు నాలుగూ విప్పించి
కాళ్ళ కింద దిమ్మలు పెట్టించింది ఆవిడ.
బెత్తెడు ఎత్తు. అంతే.
బండ్లకి స్ప్రింగుల అడుగు వేయించింది.
తీసినకొద్దీ అడుగు పైకి లేస్తుంది,
చేద వేయకుండానే చేతికందే నీళ్ళలా.
డెల్‌రాయ్‌ది ఆరడుగుల మూడంగుళాలు,
అతనికి వేరే బల్ల కావాలంది.
బల్లకో మనిషి గానీ మనిషికో బల్లా అని
కీత్ గొణిగాడు, కానీ తెప్పించాడు.
గంటకి నూట నలభై చాలు,
మధ్యలో చోట్లు మార్చుకోండి అని కూడా రాసింది.
అది మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది.
ఎర్రంకె మారలేదు.

మొదటిరోజు తేడా ఏమీ తెలీలేదు.
నాలుగోరోజు మధ్యాహ్నం
నా నడుం గురించి ఆలోచించడం లేదే అని
ఉన్నట్టుండి ఆలోచించాను.
చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది.

హలీనా లేదు.
జనవరిలోనే భుజం బిగుసుకుపోయి
అల్మారాలో కప్పు అందుకోలేక మానేసింది.
ఆదివారం వెళ్తే
ఎడంచేత్తో టీ పోసింది, కొంచెం సాసర్లో ఒలికింది.
చెప్పనా వద్దా అనుకుంటూనే
బల్ల సంగతి చెప్పాను.
"ఎంత ఎత్తారు?"
నాలుగు వేళ్ళు కలిపి, అడ్డంగా పట్టి చూపించాను.
చాలాసేపు చూసింది.
తన నాలుగు వేళ్ళూ
నా వేళ్ళ పక్కన ఆనించి
"ఇంతేనా," అంది.